పికప్ బండిలో కొత్త చప్పుడు: ఇంజన్ దించమనే ముందు మనం వినాల్సినవి

జీవామృతం, కషాయాల పాఠాల మధ్యలో ఈసారి బండి పాఠం ఏంటని అనుకోవద్దు. మనం ఎరువుల బస్తా ఖర్చు తగ్గించుకున్నాం, మందు డబ్బా ఖర్చు తగ్గించుకున్నాం. కానీ మన సరుకు మనమే తీసుకెళ్ళి అమ్ముకునేవాళ్ళం కాబట్టి బండి ఖర్చు మాత్రం మామూలు రైతుకంటే మనకే ఎక్కువ. సాయంత్రం కోసిన తోటకూర, గోంగూర తెల్లారేసరికి పటమట రైతుబజారులో ఉండాలి. దారిలో బండి ఆగిందంటే ఆ రోజు కూర పశువుల పాలే. ఇంజన్ దించాల్సి వస్తే ఒక పంట మిగులు అందులోనే పోతుంది.

మేముండే గుణదల నుంచి ఆటోనగర్ ఎంతో దూరం లేదు. 1960ల్లో మొదలైన ఆ ఆటోనగర్లో లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి క్రాంకు గ్రైండింగ్ దాకా దొరకని పని లేదు. మంచి మేస్త్రీలున్నారు. అయితే ఎంత మంచి మేస్త్రికైనా మనం చెప్పేదాన్ని బట్టే పని మొదలవుతుంది. "ఏదో సౌండొస్తోందండీ" అని తాళాలిచ్చి వచ్చేస్తే, ఎక్కడ విప్పాలో ఆయన ఇష్టం.

వీడియోలో ఒక్కో చప్పుడూ విడివిడిగా వినిపించాను. దయచేసి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఫోన్ స్పీకర్లో సన్న చప్పుళ్ళు బాగానే వస్తాయి గానీ లోతు చప్పుళ్ళు సరిగా రావు. మనల్ని ముంచేవి ఆ లోతు చప్పుళ్ళే.

ఆకు పసుపు, ఇంజన్ చప్పుడు

అగ్రికల్చర్ డిప్లొమాలో మొదట నేర్పేది ఇదే: ఆకు పసుపు పచ్చగా మారితే, ముందు ఏ ఆకు మారిందో చూడు. కింద ముదురాకులు పసుపు పడితే నత్రజని వైపు ఆలోచిస్తాం. పైన లేతాకులు పడితే ఇనుమో గంధకమో అనుకుంటాం. రంగు ఒకటే, చోటు వేరు. పసుపు కనపడగానే యూరియా చల్లే అలవాటు వల్ల ఎంత డబ్బు పోయిందో మన అందరికీ తెలుసు.

ఇంజన్ చప్పుడూ అంతే. "టక్ టక్" అనేది చాలా చోట్ల నుంచి రావచ్చు. ఎలాంటి చప్పుడు అనేదాని కంటే ఎప్పుడొస్తోంది, దేంతో మారుతోంది అనేదే ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బండి నిలబెట్టి ఎక్సలేటర్ తొక్కితే పెరుగుతోందా, బండి నడిస్తేనే వస్తోందా? ఖాళీగా కూడా ఉందా, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడేనా? క్లచ్ తొక్కితే మారుతోందా? వీటికి జవాబులు రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. బానెట్ ఎత్తకుండానే చేయగలిగిన పని ఇది.

అన్నిటికంటే ముందు ఇది తేల్చుకోండి. చప్పుడు ఇంజన్ వేగంతో వస్తోందా, చక్రం వేగంతో వస్తోందా? బండి ఆపి, న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, మెల్లగా ఎక్సలేటర్ ఇవ్వండి. చప్పుడు వస్తే ఇంజన్ వైపు. రాకపోతే, రద్దీ లేని చదును రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో న్యూట్రల్ చేసి చూడండి. ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఆపితే బ్రేకుకి సాయం పోతుంది, పవర్ స్టీరింగ్ ఉన్న బండైతే స్టీరింగూ బిగుస్తుంది. న్యూట్రల్లో ఇంజన్ నెమ్మదించినా చప్పుడు అలాగే ఉంటే అది ఇంజన్ది కాదు. చక్రం బేరింగో, హౌసింగో, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసో అన్నమాట. బండి కదిలే క్షణంలో, గేరు మార్చినప్పుడు "టంగ్" మని ఒక్కసారి కొడితే ముందు క్రాసులు చూపించండి. గుంటల్లో మాత్రమే వస్తే కమాను కట్టల బుష్షులు.

మనకి ప్రత్యేకమైన ఇంకో చప్పుడుంది. జీవామృతం డ్రమ్ము సగమే నింపితే బ్రేకు వేసినప్పుడల్లా లోపలి ద్రవం వెళ్ళి గోడకి కొట్టుకుని "దబ్" మంటుంది. క్యాబిన్లో కూర్చున్నవాడికి అది ఇంజన్ మౌంటింగ్ పోయినట్టే అనిపిస్తుంది. డ్రమ్ము దించి ఒకసారి నడిపి చూడండి.

క్లచ్ పరీక్ష రెండు ముక్కల్లో. బండి నిలబడి, ఇంజన్ నడుస్తూ, న్యూట్రల్లో ఉన్నప్పుడు గరగర వచ్చి, క్లచ్ తొక్కితే పోతే గేర్‌బాక్సు ముందు షాఫ్ట్ బేరింగ్. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్.

ముందువైపు చప్పుళ్ళు: ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే

రెండేళ్ళ కిందట మామిడికాయ సీజన్లో మా పికప్ ముందు వైపు నుంచి "గరగర... టకటక" అని మొదలైంది. ఎక్సలేటర్ ఇస్తే పెరుగుతోంది. నున్న మామిడి మార్కెట్ వైపు రోజూ తిరుగుళ్ళు ఉన్న రోజులవి. ఒక షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి ఓ నిమిషం విని, "బేరింగులు పోయాయి, ఇంజన్ దించాలి, వారం పడుతుంది" అన్నారు. సీజన్లో వారం అంటే కాయంతా చెట్టుమీదే పండి రాలుతుంది. దించడానికి ఒప్పుకోకుండా, చాలా ఏళ్ళుగా డీజిల్ పనిలో ఉన్న ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన స్పానర్ పట్టుకోలేదు. ముందు అడిగింది "ఆయిల్ లైటు వెలిగిందా తమ్ముడూ?" అని. "లేదు బాబాయ్, ఆయిల్ లెవెల్ కూడా సరిగ్గానే ఉంది" అన్నాను. "అయితే తొందరేం లేదు" అని, ఇంజన్ ఆపించి ఫ్యాన్ బెల్టు తీసేశారు. మళ్ళీ స్టార్ట్ చేయించారు. చప్పుడు మాయం. పదిహేను సెకన్లలో ఆపేయమన్నారు. తర్వాత పుల్లీలు ఒక్కోటి చేత్తో తిప్పి చూస్తే డైనమో పుల్లీ ఇసకలో తిరిగినట్టు తిరిగింది. డైనమో బేరింగులు మార్చారు. మధ్యాహ్నానికి బండి ఇంటికొచ్చింది.

ఈ బెల్టు పరీక్షలో తర్కం ఒకటే. బెల్టు తిప్పేవి డైనమో, వాటర్ పంపు, ఏసీ ఉంటే దాని కంప్రెసర్, టెన్షనర్ పుల్లీ. బెల్టు లేకపోతే అవేవీ తిరగవు. అప్పుడు చప్పుడు పోతే దోషి ఆ నాలుగింట్లో ఒకరు. పోకపోతే ఇంజన్ లోపలిది. కాకపోతే బెల్టు లేకుండా వాటర్ పంపు కూడా ఆగుతుంది కాబట్టి పది, పదిహేను సెకన్లకి మించి నడపకూడదు. ఇంకో జాగ్రత్త: ఇది బయట కనిపించే బెల్టు గురించి. లోపల మూతకింద ఉండే టైమింగ్ బెల్టు జోలికి పోవద్దు.

తెల్లవారుజామున స్టార్ట్ చేయగానే "కీచ్" మని అరిచి తర్వాత సద్దుకుంటే బెల్టు వదులైందో, గట్టిపడి పగిలిందో చూడాలి. నడుస్తున్న బెల్టు పక్క మీద సీసాతో దూరం నుంచి నాలుగు చుక్కల నీళ్ళు పోస్తే చప్పుడు వెంటనే మారితే బెల్టుదే. మారకపోతే బేరింగ్ అయ్యే అవకాశం ఎక్కువ. వాటర్ పంపు బేరింగ్ అరుగుతుంటే పంపు కింద చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ జారిన చార కనపడుతుంది. అది మాత్రం వాయిదా వెయ్యొద్దు. పంపు ఆగితే ఇంజన్ కాగిపోతుంది, హెడ్ వంగుతుంది. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళ మూడు రోజులూ మా రోడ్లమీద బండి అడుగు తీసి అడుగు వెయ్యదు. నీరసపడ్డ పంపు బయటపడేది అలాంటి చోటే.

కోతల తర్వాత డెల్టాలో ఎలకలు పొలం వదిలి షెడ్డుల్లోకి వస్తాయని మీకు చెప్పక్కర్లేదు. వెచ్చగా ఉంటుందని ఇంజన్ మీద గడ్డి పరుచుకుంటాయి. ఫ్యాన్ రెక్కకి గడ్డిపోచ తగిలి "టర్ర్ ర్ ర్" అని సైకిల్ చక్రానికి అట్టముక్క కట్టినట్టు వస్తుంది. నవ్వుకుంటాం గానీ, అదే ఎలక వైర్లు కొరికి ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా రోజూ స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి చూడటం నా అలవాటు.

చోటు పట్టుకోవడానికి మేస్త్రీలు వాడే పద్ధతి పొడుగు స్క్రూడ్రైవర్. మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి పక్కన ఎముకకి ఆనిస్తే లోపలి చప్పుడు నేరుగా వినపడుతుంది. చప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో జరుపుకుంటూ పోవాలి. వీడియోలో చూపించాను. మీరు చేసేటప్పుడు తువాలు మెడలోంచి తీసేయండి, లుంగీ కట్టుకుని వంగొద్దు. ఆడవాళ్ళు చూస్తుంటే చున్నీ, కొంగు దోపుకోండి, జడ ముందుకి పడనివ్వొద్దు. బెల్టు లాగేస్తే వదిలించుకునే టైము ఇవ్వదు.

పైన టిక్కు, కింద ఠక్కు

ఇప్పుడు ఇంజన్ లోపలికి వద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైనున్న క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఐడిల్లో 800 చుట్ల మీద ఉంటే క్రాంకు సెకనుకి 13 సార్లు, క్యామ్ ఆరేడు సార్లు. అందుకే ట్యాపెట్ చప్పుడు విడిగా, సన్నగా, కుట్టుమిషన్లా "టిక్ టిక్ టిక్" మని వినపడుతుంది. కింద బేరింగ్ చప్పుడు లోతుగా, దగ్గరదగ్గరగా, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఉంటుంది. స్క్రూడ్రైవర్ పైన ట్యాపెట్ కవరు మీద పెట్టినప్పుడు గట్టిగా ఉందా, కింద ఆయిల్ చాంబర్ పక్కన గట్టిగా ఉందా అన్నది చూస్తే ఇంకా తేలికగా తెలుస్తుంది.

ట్యాపెట్ సందు పెరిగితే వచ్చే టిక్కుకి వెంటనే బండి ఆగిపోదు. కంపెనీ చెప్పిన కొలతకి గేజితో సర్దిస్తే సరిపోతుంది. కొన్ని ఇంజన్లలో ఆయిల్‌తో తనంతట తనే సర్దుకునే రకం ఉంటుంది. వాటిలో టిక్కు వినపడితే ముందు ఆయిల్ లెవెల్, ఆయిల్ వయసు చూడాలి.

సైలెన్సర్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ పోయినా "టప్ టప్ టప్" అని అచ్చం ట్యాపెట్‌లాగే ఉంటుంది. తేడా ఏంటంటే ఇది చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, ఇనుము వేడికి వ్యాకోచించాక తగ్గుతుంది. జాయింటు దగ్గర నల్లటి మసి చార కూడా ఉంటుంది. నాజిల్ కింద వాషర్ లీకైతే "చఫ్ చఫ్" మని ఆవిరి రైలులా ఊదుతూ, నాజిల్ చుట్టూ తారులాంటి నల్ల ముద్ద పేరుకుంటుంది. నిర్లక్ష్యం చేస్తే ఆ ముద్ద గట్టిపడి నాజిల్ బయటకి రావడమే కష్టమవుతుంది.

ఇక అసలు ప్రమాదం బిగ్ ఎండ్ బేరింగ్. కనెక్టింగ్ రాడ్డుకీ క్రాంకుకీ మధ్య ఉండే సందు దాదాపు వెంట్రుక మందం. ఆ సందులో ఒత్తిడితో నిలబడే ఆయిల్ పొరే రెండు లోహాలూ తగలకుండా కాపాడుతుంది. ఆయిల్ తగ్గినా, పలచబడినా, పంపు నీరసించినా ఆ పొర తెగుతుంది, లోహం లోహాన్ని కొడుతుంది. మొదట్లో ఇంజన్ వేడెక్కాక, లోడుతో లాగేటప్పుడు మాత్రమే వినపడుతుంది. ఎక్సలేటర్ ఇచ్చి వదిలే క్షణంలో ఇంకా స్పష్టం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక పోయేది పిస్టన్ చప్పుడు. దాంతో కొంతకాలం నడపొచ్చు. వేడెక్కే కొద్దీ పెరిగేదే యముడు.

కంకిపాడు వైపు నాకు తెలిసిన ఒక రైతు బండికి ఇలాగే మొదలైంది. ధాన్యం లోడుతో వస్తుంటే కట్ట ఎక్కే చోట కొడుతోందట. దారిలో ఎవరో "ట్యాపెట్లే, దిగులుపడకు" అన్నారు. రెండో రోజు బెంజి సర్కిల్ దాటాక ఆయిల్ లైటు మినుక్కుమంది. ఇంకో నాలుగు కిలోమీటర్లేగా, సరుకు దించేసి చూద్దాం అని నడిపారు. రాడ్డు తెగి బ్లాకు పక్కనుంచి బయటకొచ్చింది. మొదటి రోజే ఆపుంటే బేరింగు చిప్పలూ, ఆయిలూ, మహా అయితే క్రాంకు గ్రైండింగుతో పోయేది. చివరికి ఆయన ఇంజనే మార్చాల్సొచ్చింది, ఆ అప్పు ఈ దాళ్వా మీద కూడా మోస్తున్నారు.

కాబట్టి ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే, లేదా వేడిమీద లోతు ఠక్ఠక్ మొదలైతే, రోడ్డు పక్కకి తీసి ఆపడమే. గేజి చూడండి. తక్కువుంటే పోయండి. పోశాక కూడా లైటు ఆరకపోతే, చప్పుడు పోకపోతే మళ్ళీ స్టార్ట్ చెయ్యొద్దు. సరుకుకి వేరే ఆటో మాట్లాడుకోండి, బండిని తాడేసి లాగించండి.

ఏ సిలిండర్లో చప్పుడో తెలుసుకోవడానికి పాత మేస్త్రీలు ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూసేవారు. డీజిల్ ఆగిన సిలిండర్‌కి లోడు పోతుంది, చప్పుడు తగ్గుతుంది. పాత మెకానికల్ పంపు బండ్లకే ఆ పద్ధతి, అదీ మేస్త్రి చేతిలో. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో ఎవరూ చెయ్యొద్దు, చెయ్యనివ్వొద్దు. ఆ పైపులో ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది. సన్నధారగా వచ్చిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనపడి చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. స్కానర్ పెడితే అదే పరీక్ష కంప్యూటర్లో అవుతుంది.

రోగం కాని చప్పుళ్ళు కూడా చెప్పుకోవాలి. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌ది రెండు సిలిండర్ల, 702 సీసీ డీజిల్. అది ఐడిల్లో ఒళ్ళంతా ఊగుతుంది. నాలుగు సిలిండర్ల బొలెరో పికప్ నడిపిన చేత్తో ఏస్ ఎక్కితే ఏదో పాడైందనిపిస్తుంది, కానీ దాని స్వభావమే అది. మూడు సిలిండర్ల దోస్త్‌ది ఇంకో తీరు. అలాగే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ ఉన్నవి అప్పుడప్పుడు మసి కాల్చుకుంటాయి. ఆ పది, ఇరవై నిమిషాలు ఐడిల్ కొంచెం పెరుగుతుంది, ఫ్యాన్ హోరుమంటుంది, కాలిన వాసనొస్తుంది. అది చూసి ఇంజన్ ఆపెయ్యకండి, పూర్తికానివ్వండి. ప్రతిసారీ మధ్యలో ఆపితే కాలని డీజిల్ ఆయిల్లో కలిసి గేజి మీద లెవెల్ పెరుగుతుంది. ఆయిల్ పెరిగిందని సంతోషించే విషయం కాదది. పలచబడ్డ ఆయిల్ ఏం చేస్తుందో పైన చెప్పుకున్నాం.

మన పనికి తగిలే మూడు సంగతులు

గడ్డి, ఊక, ఘనజీవామృతం పొడి. ఈ మూడూ మోసే బండికి ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన కిలోమీటర్లు ఆగదు. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్ గాలి పీల్చేటప్పుడు మూలిగినట్టు ఉంటుంది, నల్లపొగ వస్తుంది, లాగదు. గాలి లోపలివైపు నుంచి బయటకి కొట్టించండి. కాగితం ఫిల్టర్‌ని నీళ్ళతో కడగొద్దు. చిరిగిన ఫిల్టర్ ఇంకా ప్రమాదం, దుమ్ము నేరుగా టర్బో రెక్కల మీదికి పోతుంది. టర్బో బండిలో సన్నటి ఈల మామూలే. అది సైరన్‌లా పెరిగినా, గీసుకున్న చప్పుడొచ్చినా వెంటనే చూపించాలి. "స్స్" మని గాలి పోతూ బండి నీరసిస్తే టర్బో గొట్టం చిరిగిందేమో చూడండి, అది చిన్న పనే. లోడుతో వచ్చాక ఒక నిమిషం ఐడిల్లో ఉంచి ఆపడం టర్బో బేరింగుకి మేలు.

లోడు లెక్క ఒకటి. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము, డ్రమ్ముతో కలిపి 220 కిలోల దాకా తూగుతుంది. నాలుగు పెడితే 880 కిలోలు. 750 కిలోలు మోసే చిన్న బండికి అది ఓవర్ లోడే, మనిషినింకా లెక్కెయ్యలేదు. పెద్ద గేరులో, తక్కువ వేగంలో కాలువ కట్ట ఎక్కించినప్పుడు వచ్చే దడదడ బేరింగుల మీద దెబ్బే. గేరు దించండి, లేదా మూడు డ్రమ్ములే వెయ్యండి.

గోమూత్రం కారితే ఇనుము తింటుంది. బెడ్డు కింద సైలెన్సర్ క్లాంపులు, బ్యాటరీ ఎర్త్ వైరు చివర తుప్పు పడతాయి. ఐడిల్లో రేకు మోగినట్టు "జిర్ర్" మంటే ముందు ఆ క్లాంపులు చేత్తో కదిపి చూడండి, సైలెన్సర్ చల్లబడ్డాకే సుమా. డ్రమ్ము దించిన రోజు బెడ్డుకీ కిందకీ మంచినీళ్ళు కొట్టడం నేను మాననిది.

పాత బండి కొనేవాళ్ళకి ఒక మాట. మీరు వచ్చేసరికే ఇంజన్ వేడిగా ఉంటే బేరం ఆపండి, బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. చల్లటి స్టార్టింగ్ చూపించమనండి. ఆ తర్వాత అరగంట లోడుతో నడిపి మళ్ళీ వినండి. చప్పుడు దాచడానికి తేనెలాంటి చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవాళ్ళున్నారు. అది వేడెక్కాక పలచబడుతుంది, అప్పుడు చప్పుడు బయటకొస్తుంది. ఆయిల్ పోసే మూత తీసి చూడండి, గుప్పుగుప్పున పొగ వస్తుంటే రింగుల పని ఉంది. మూత కింద, గేజి మీద పాలమీగడలాంటి తెల్లటి నురగ కనిపిస్తే కూలెంట్ కలిసిందేమోనని అనుమానించాలి.

మేస్త్రి దగ్గరికి వెళ్ళేటప్పుడు బండి అక్కడికెళ్ళాక చప్పుడు చెయ్యదు, ఇది అందరి అనుభవమే. అందుకే చప్పుడు వచ్చినప్పుడే ఫోన్లో ముప్పై సెకన్లు రికార్డు చేసి, దాంట్లోనే మీ గొంతుతో చెప్పండి: చల్లగానా వేడిగానా, లోడెంత, ఏ గేరు, మీటరు మీద కిలోమీటర్లెన్ని, ఆయిల్ మార్చి ఎన్నాళ్ళైంది. వీడియో చివర్లో నా ఫోన్లో ఉన్న అలాంటి రికార్డింగు ఒకటి, ఆ డైనమో చప్పుడుదే, యథాతథంగా పెట్టాను. బెల్టు తీసిన తర్వాత ఇంజన్ ఎలా ఉందో కూడా అందులోనే వినండి.